విడుదల కాని పాత సినిమా డబ్బా దొరికితే? (మలయాళ ప్రేమకథ స్క్రిప్టుకి సలహాలు కావాలి)

కాక్కనాడు_కిరణ్ · రాత్రి 9.12

అందరికీ నమస్తే. నేను నాలుగేళ్ళుగా కొచ్చిలో ఉద్యోగం చేస్తున్నా. మా పక్క ఫ్లాటు మలయాళీ మిత్రుడూ నేనూ కలిసి ఓ కథ రాస్తున్నాం. సినిమా మలయాళంలోనే. వాడు మాటలు, నేను స్క్రీన్‌ప్లే.

కథ ఇదీ. 1983లో మద్రాసులో ఓ మలయాళ ప్రేమకథా చిత్రం తీశారు. షూటింగ్ అయింది, సినిమా బయటికి రాలేదు. హీరోయిన్‌కి అదే మొదటిదీ చివరిదీ. అసిస్టెంట్ డైరెక్టర్ కుర్రాడికి ఆ అమ్మాయంటే ప్రాణం, కానీ నోరు విప్పలేదు. ఇప్పుడు ల్యాబ్ ఖాళీ చేస్తుంటే డబ్బాలు బయటపడతాయి. ఆయనకిప్పుడు 66 ఏళ్ళు. ఆ డబ్బాలు పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ బయల్దేరతాడు. చివర్లో త్రిశ్శూర్ పక్క పల్లెలో పాత టాకీసు తీసుకుని ఆమె ఒక్కదానికే ఆ సినిమా వేసి చూపిస్తాడు. అంతే.

అనుమానాలు మూడు. నలభై ఏళ్ళు డబ్బాలో పడున్న సినిమా ఆడుతుందా? దాని హక్కులు ఎవరివి? ఇలాంటి కథ ఇప్పటికే వచ్చేసిందా? కొట్టండి, తిట్టండి, కానీ ఏదో ఒకటి చెప్పండి.

డల్లాస్_దొర · రాత్రి 9.20

క్లైమాక్సులో వాన ఉందా? మలయాళం కదా, లేకపోతే సెన్సార్ వాళ్ళు ఒప్పుకోరేమో.

కాక్కనాడు_కిరణ్ · రాత్రి 9.23

ఉంది అన్నా. టాకీసు రేకుల మీద పడుతుంటుంది. దొరికిపోయాను.

చిత్తూరు_చిన్నోడు · రాత్రి 9.41

మూడో ప్రశ్నకి నేను చెప్తా. దగ్గరగా వచ్చింది 2025 జనవరిలో వచ్చిన రేఖాచిత్రం. ఆసిఫ్ అలీ పోలీసు, అనశ్వర రాజన్ జూనియర్ ఆర్టిస్టు. 1985లో భరతన్ తీసిన కాతోడు కాతోరం షూటింగ్ అడ్డాగా అల్లుకున్న కథ. కాకపోతే అందులో వెతికేది మనిషిని, సినిమాని కాదు. పైగా ఆ సినిమా నిజంగా విడుదలైందే. జానర్ కూడా క్రైమ్. మీది వేరే దారి, భయం లేదు.

ఇంకోటి, దేవదూతన్. 2000 డిసెంబర్లో వచ్చి బోల్తా కొట్టిన మోహన్‌లాల్ సినిమా. 2024 జూలైలో 4కేలో మళ్ళీ వేస్తే జనం విరగబడి చూశారు. వాద్యం వాయించకుండానే మోగడం, చనిపోయినవాడి ప్రేమ, అదంతా. సంగీతం మన విద్యాసాగర్. స్వరాభిషేకంకి జాతీయ అవార్డు తీసుకున్నాయనే. పోయింది అనుకున్న సినిమా మళ్ళీ లేచిరావడం మలయాళంవాళ్ళకి కళ్ళముందే జరిగింది. కాబట్టి మీ కథని అక్కడ ఎవరూ 'ఇదెక్కడి చోద్యం' అనరు.

మోడరేటర్ · రాత్రి 9.44

రేఖాచిత్రం చూడనివాళ్ళు ఉన్నారు. ఇంతకు మించి కథ విప్పొద్దు.

నిశాచరి · రాత్రి 10.15

కిరణ్ గారూ, ఒక చిన్న అభ్యంతరం. ఆవిడకి ఆ సినిమా చూడాలని ఉందని మీరెందుకు అనుకున్నారు?

మలయాళ సినిమా మొదలైందే పోయిన సినిమాతో, పోయిన హీరోయిన్‌తో. జె.సి. డేనియల్ తీసిన విగతకుమారన్, అంటే తప్పిపోయిన కొడుకు. తిరువనంతపురం క్యాపిటల్ థియేటర్లో పడింది. 1928 అని కొందరు, 1930 అని కొందరు. అందులో నాయర్ అమ్మాయి పాత్ర వేసిన పి.కె. రోసీ దళిత స్త్రీ. మా ఇంటి ఆడపిల్లగా ఈమె కనిపించడమేమిటని జనం తెర మీద రాళ్ళేశారు. గుడిసె తగలబెట్టారు. ఆమె ఓ లారీ డ్రైవర్ సాయంతో ఊరు దాటి తమిళదేశం వెళ్ళి, అతన్నే పెళ్ళాడి, రాజమ్మాళ్ అనే పేరుతో బతికింది. మళ్ళీ సినిమా ఊసెత్తలేదు. నెట్‌లో తిరిగే ఫొటో ఆమెదేనని కూడా ఎవరూ గట్టిగా చెప్పలేరు.

సినిమా కూడా మిగల్లేదు. డేనియల్ కొడుకు చిన్నప్పుడు ఆటగా రీలుకి నిప్పంటించాడంటారు. కమల్ 2013లో తీసిన సెల్యులాయిడ్‌లో ఇదంతా ఉంది. పృథ్వీరాజ్ డేనియల్, చాందినీ రోసీ. నాకు ఆ సినిమాలో నచ్చనిది కూడా ఒకటుంది. డేనియల్ గారి కన్నీళ్ళకి రెండో సగమంతా ఇచ్చారు. రోసీ పరుగెత్తి చీకట్లో కలిసిపోతుంది, కెమెరా ఆమె వెంట వెళ్ళదు.

మీ కథలోనూ కెమెరా ఆయన వెంటే ఉంది. ఆమె ఎందుకు మానేసిందో మీకు తెలుసా?

కాక్కనాడు_కిరణ్ · రాత్రి 10.31

నిజం చెప్పాలంటే రాసుకోలేదండీ. 'పెళ్ళయింది' అని ఒక లైను పెట్టాం.

నిశాచరి · రాత్రి 10.33

చూశారా.

తెనాలి_తుంటరి · రాత్రి 10.52

రోసీ సంగతి చదివి మనసు బరువెక్కింది. కాస్త తేలికపరుస్తా. మలయాళంలోనే ఒక పోయిన సినిమా దొరికిన కథ నిజంగా ఉంది. మార్తాండవర్మ, 1933. సి.వి. రామన్ పిళ్ళై నవలని మూకీగా తీశారు. తీసిన సుందర్‌రాజ్ ఆ డేనియల్‌కి బంధువే. నవల హక్కులు కమలాలయ బుక్ డిపో వాళ్ళవి. మమ్మల్ని అడక్కుండా ఎట్లా తీశారని కోర్టుకెళ్ళారు. ఆటలు ఆగిపోయాయి, ప్రింటు కమలాలయ చేతికొచ్చింది.

తమాషా ఏమంటే ఆ గొడవే సినిమాని బతికించింది. ఊరూరా తిరిగి ఆడుంటే అరిగిపోయి చెత్తలో కలిసేది. పుస్తకాల కొట్టువాళ్ళ దగ్గర నలభై ఏళ్ళు కదలకుండా పడుంది. 1974లో పుణె ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళకి దొరికింది. ఆ ఆర్కైవ్‌ని కట్టి నిలబెట్టిన పి.కె. నాయర్ది తిరువనంతపురమే. ఆ సినిమాలో అనంతపద్మనాభన్, పారుకుట్టి ప్రేమకథ కూడా ఉంది. అంటే 'ఆగిపోయిన మలయాళ ప్రేమకథ దొరకడం' అనేది కల్పన కానే కాదు.

మనవాళ్ళ సంగతి అడక్కండి. రఘుపతి వెంకయ్య గారి భీష్మప్రతిజ్ఞ లేదు, మొదటి టాకీ భక్తప్రహ్లాద లేదు. వాటి మీద మనం చేసేదల్లా తేదీ ఎప్పుడని కొట్టుకోవడం.

పాలమూరు_పిల్ల · రాత్రి 11.08

కిరణన్నా, టాకీసుల షో అంటున్నవ్ గదా. మా మేనమామ ఆపరేటర్ చేసిండు, కార్బన్ కడ్డీల కాలంల. ఆయనకి నీ కథ చదివి వినిపించిన. పక్కున నవ్విండు. ఇప్పుడు ఏ టాకీసుల 35 ఎంఎం ప్రొజెక్టర్ ఉన్నది? అందరు ఇనుప సామాన్లోనికి తూకం లెక్క అమ్మిర్రు. ఉన్నా గూడ నలభై ఏండ్ల ఫిలిం కుంచించుకపోతదంట. పక్కన బెజ్జాలు పండ్లచక్రానికి కుదరవు. ఎక్కించినవంటే సర్రున చింపుతది. 'ఉన్న ఒక్క కాపీ మిషన్ల పెట్టెటోడు ప్రేమికుడు కాదు, పగోడు' అన్నడు మామ. ఆ డైలాగు ఫ్రీగ ఇస్తున్న, వాడుకో.

డల్లాస్_దొర · రాత్రి 11.10

మామకి స్టోరీ డిస్కషన్‌లో కుర్చీ వేయండి ముందు.

లా_పాయింటు · ఉదయం 7.05

హక్కుల గురించి. నేను వకీలునే గానీ ఇది ఫీజు తీసుకున్న సలహా కాదు.

మన కాపీరైట్ చట్టం 26వ సెక్షన్ ప్రకారం సినిమా మీద హక్కు అది ప్రచురితమైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు. ఇక్కడే మెలిక ఉంది. మీ సినిమా జనంలోకి రానే లేదు. గడియారమే మొదలు కాలేదు. 1963లో విడుదలైన సినిమా ఈపాటికి అందరిదీ అయిపోయింది, 1983లో ఆగిపోయింది మాత్రం ఇంకా నిర్మాత వారసులదే. వాళ్ళు దొరక్కపోతే 31ఏ అనే సెక్షన్ కింద లైసెన్సుకి అర్జీ పెట్టుకునే దారి ఉంది.

రీళ్ళు చేతిలో ఉన్నంతమాత్రాన హక్కు రాదు. అది విడి, ఇది విడి. ల్యాబ్ వాడు ఇచ్చాడు కదా అని హాల్లో టికెట్ పెడితే కేసే. ఆమె ఒక్కదానికి చూపిస్తే బహిరంగ ప్రదర్శన కాదు కాబట్టి సెన్సార్ అక్కర్లేదు. ఆ విషయంలో మీ హీరో సేఫ్.

ఫైనాన్షియర్‌ని మర్చిపోయారు. అప్పు తీర్చకుండా ఆగిన సినిమా అంటే అసలు మనిషి ఆయనే.

కోడంబాక్కం_తాత · ఉదయం 10.40

నాయనా కిరణ్, నేను మీ అందరికంటే పెద్దవాణ్ణి. మద్రాసు వడపళనిలో ఒక కలర్ ల్యాబులో ముప్పై ఏళ్ళు చేశాను. పేరు వద్దు. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. అప్పట్లో మలయాళం, తెలుగు, తమిళం, కన్నడం అన్నీ ఇక్కడే కడిగేవాళ్ళం. ఉదయాకి ఆలప్పుళలో, మెరిలాండ్‌కి తిరువనంతపురంలో స్టూడియోలు ఉన్నా ఎక్కువమంది పని మద్రాసులోనే. 1980లో వాళ్ళ ప్రభుత్వం చిత్రాంజలి స్టూడియో పెట్టాక మెల్లగా కదిలారు.

మీరంతా డబ్బా మూత తీస్తే సినిమా ఉంటుందనుకుంటున్నారు. మూత తీస్తే ముందు ముక్కు పగిలే పులుపు వాసన వస్తుంది. వెనిగర్ సీసా ఒలికినట్టు. అసిటేట్ ఫిలిం కుళ్ళితే అంతే. ఒక డబ్బాకి పట్టిందంటే పక్క డబ్బాలకీ అంటుకుంటుంది. మద్రాసు ఉక్క సంగతి తెలుసుగా. ఏసీ గది అనేవాళ్ళం, రాత్రి కరెంటు బిల్లు చూసి ఆపేసేవాళ్ళం.

రెండోది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండున్నర గంటల సినిమాకి పద్నాలుగు. అది పాజిటివ్, అంటే హాల్లో ఆడే ప్రింటు. దానికి మూలం కట్ చేసిన పిక్చర్ నెగెటివ్ వేరే, సౌండ్ నెగెటివ్ వేరే. రెండూ కలిపి ముద్రిస్తేనే మాట వినిపించే ప్రింటు. మీ సినిమా ఎక్కడ ఆగింది? 'షూటింగ్ అయింది, విడుదల కాలేదు' అంటే చాలదు. డబ్బింగ్ అయిందా? రీరికార్డింగ్, అదే నేపథ్య సంగీతం, అయిందా? ఎక్కువగా ఆగేది అక్కడే. డబ్బు అయిపోయేది అప్పుడే గదా. ఫైనాన్షియర్‌కి మేము ల్యాబ్ లెటర్ ఇచ్చేవాళ్ళం, బాకీ తీరేదాకా ప్రింటు గేటు దాటదని. ఆ కాగితం మీద సంతకాలు పెట్టించుకోవడమే నా ఉద్యోగం చాలాకాలం. ఆ నిర్మాతల మొహాలు ఇప్పటికీ గుర్తే.

డబ్బింగ్ కాకుండా ఆగితే మీకు దొరికేది రష్ ప్రింటు. బొమ్మ ఉంటుంది, మాట ఉండదు. రంగు వెలిసి అంతా గులాబీగా ఉంటుంది. ఆమె నోరు ఆడిస్తుంటుంది, వినబడదు.

కాక్కనాడు_కిరణ్ · ఉదయం 11.02

తాతగారూ, మొత్తం క్లైమాక్సు కూలగొట్టేశారు. అసలు శబ్దమే ఉండదా?

చిత్తూరు_చిన్నోడు · ఉదయం 11.20

అరవిందన్ తంపు అని 1978 సినిమా, 2022లో కాన్ ఫెస్టివల్‌లో పునరుద్ధరించి వేశారు. దానిక్కూడా అసలు నెగెటివ్ లేదు. పుణె ఆర్కైవ్‌లో ఉన్న ప్రింటు నుంచి తీసిన డూప్ నెగెటివ్, అంటే నకలు నెగెటివ్ మీద పని చేశారు. దాని ముందు ఏడాది బాగుచేసిన ఆయన ఇంకో సినిమా కుమ్మాట్టికి కూడా ప్రింట్లే ఆధారం. పేరున్న సినిమాలకే ఈ గతి. మీ కథలో సినిమాకి ఇంకెంత మిగులుతుందో ఊహించుకో.

కోడంబాక్కం_తాత · ఉదయం 11.48

తొందరపడకు నాయనా. ఒకటుంది.

అప్పటి ఆరీ కెమెరా గ్రైండర్ లాగా మోగేది. సెట్లో పలికిన మాట సినిమాకి పనికొచ్చేది కాదు. అయినా కొందరు నాగ్రా అనే రికార్డర్‌తో టేపు మీద పట్టేవాళ్ళు, డబ్బింగ్‌లో పెదాలు కలపడానికి ఆసరాగా. పైలట్ ట్రాక్ అనేవాళ్ళం. పనైపోయాక చెరిపి మళ్ళీ వాడేసేవాళ్ళు, టేపు ఖరీదు మరి. మీ సినిమా డబ్బింగ్ దాకా రాలేదు కాబట్టి చెరిపే అవసరం రాలేదనుకో. ఆ టేపు డబ్బాల మధ్యలో ఉండిపోవచ్చు. జిగురు పట్టి ఉంటుంది. సన్నటి వేడిలో గంటల తరబడి ఉంచి, జాగ్రత్తగా తిప్పి డిజిటల్‌లోకి ఎక్కించుకోవాలి.

అందులో ఏముంటుందో తెలుసా? కెమెరా రొద. వెనకాల ఎవరో దగ్గు. డైరెక్టర్ తిట్లు. ప్రాంప్టింగ్.

పాలమూరు_పిల్ల · మధ్యాహ్నం 12.05

ప్రాంప్టింగ్ అంటే?

కోడంబాక్కం_తాత · మధ్యాహ్నం 12.19

భాష రానివాళ్ళకి, కొత్తవాళ్ళకి కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ ఒక్కో మాటా అందించేవాడమ్మా. అతను అన్నది విని ఆమె అనేది. ఎలాగూ డబ్బింగ్‌లో పోతుంది కదా అని గట్టిగానే చెప్పేవాడు.

నిశాచరి · మధ్యాహ్నం 12.26

ఆగండి ఆగండి. అసిస్టెంట్ డైరెక్టరే కదా మీ హీరో!

తెనాలి_తుంటరి · మధ్యాహ్నం 12.31

అయ్యబాబోయ్. ఆ టేపులో ప్రేమ మాటలన్నీ ముందు అతను చెప్తాడు, తర్వాత ఆమె చెప్తుంది. ఒకటి కాదు, సినిమా మొత్తం. బొమ్మలో ఆమె ఎదురుగా వేరే హీరో, టేపులో మాత్రం వీళ్ళిద్దరే.

డల్లాస్_దొర · మధ్యాహ్నం 12.40

పొద్దున్నించీ వేళాకోళం ఆడుతున్నా. ఇది చదివి కాఫీ చల్లారిపోయింది.

తెనాలి_తుంటరి · మధ్యాహ్నం 12.58

ఇంకో మాట. ఆ అమ్మాయిని మలయాళీగా ఎందుకు పెట్టుకోవాలి? మా తెనాలి నుంచి వెళ్ళిన శారద గారు మలయాళంలో తులాభారం, స్వయంవరం చేసి రెండుసార్లు జాతీయ ఉత్తమనటి అయ్యారు. తెలుగు నిమజ్జనంతో మూడోది. ఆ రోజుల్లో మద్రాసులో ఉన్న తెలుగు పిల్లకి మలయాళం అవకాశం రావడం మామూలే. భాష రాదు కాబట్టి ప్రతి మాటా అందించాల్సిందే. ప్రాంప్టింగ్‌కి కారణం దొరికింది, చీరాలో బాపట్లో ఏదో ఒక ఊరు పెట్టుకో.

నిశాచరి · మధ్యాహ్నం 1.20

అప్పుడు ఆమె ఎందుకు మానేసిందో కూడా తేలుతుంది. డబ్బింగ్ ఎవరో చెప్తారు, ముఖానికి రంగు ఎవరో వేస్తారు, మాట ఎవరో అందిస్తారు. తనది అనేదేమీ లేని పని. డబ్బులు ఎగ్గొట్టారు కూడా. ఇంటికెళ్ళి టీచరుగా చేరిపోయింది. అందులో విషాదం ఏమీ లేదు, అలాగే ఉంచండి. ఆయన వచ్చేసరికి 'ఎవరు మీరు?' అనాలి. నిజంగానే గుర్తుండకూడదు.

కాక్కనాడు_కిరణ్ · మధ్యాహ్నం 1.34

గుర్తుండకపోతే ఎట్లాగండీ, ప్రేమకథ!

నిశాచరి · మధ్యాహ్నం 1.36

ప్రేమించింది ఆయన. ఆమెకి అతను కెమెరా పక్కనున్న గొంతు. మొహం ఎప్పుడు చూసింది? లైట్లు ఆమె కళ్ళల్లో ఉంటాయి కదా.

కోడంబాక్కం_తాత · మధ్యాహ్నం 2.10

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ లైట్లలో నిలబడ్డవాళ్ళకి ఇవతల అంతా చీకటే.

చిత్తూరు_చిన్నోడు · మధ్యాహ్నం 2.45

ఒక చిన్న పాయింట్. మాది బార్డర్, మాకు తమిళం, మలయాళం రెండూ చెవిన పడతాయి. తెలుగువాళ్ళం వాళ్ళ 'మళ' అనే మాట సరిగ్గా పలకలేం. వాన అని అర్థం. ఆ చివరి అక్షరం మన ళ కాదు, నాలుక వెనక్కి మడిచి ఎక్కడా తగలకుండా వదలాలి. పాత తెలుగు శాసనాల్లో ఆ ధ్వనికి అక్షరం ఉండేది, తర్వాత మన నోట్లోంచి జారిపోయింది. నేను కోళికోడ్ వెళ్ళిన ప్రతిసారీ ఆటో వాడు నవ్వుతాడు.

ఆ అమ్మాయి తప్పకుండా అక్కడ తడబడుతుంది.

లా_పాయింటు · మధ్యాహ్నం 3.02

టేపు హక్కులు కూడా నిర్మాతవే అని గుర్తుచేస్తున్నా.

డల్లాస్_దొర · మధ్యాహ్నం 3.03

వకీలు సాబ్, మీరు కాసేపు బయట కూర్చోండి.

కాక్కనాడు_కిరణ్ · రాత్రి 11.50

ఆఫీసులో మూడు మీటింగులు ఎగ్గొట్టి, సాయంత్రం మావాడితో కూర్చుని చివరి సీను తిరగరాశాం. టాకీసు తీసేశాం (మామగారికి దండాలు). ఆమె ఇంటి వరండా, బాపట్ల. బయట వాన లేదు, ఎండ మండిపోతోంది. డల్లాస్ అన్న క్షమించాలి.

ఆయన ఫోన్లోకి ఎక్కించుకొచ్చిన టేపు పెడతాడు. ఆమెకి ఆయనెవరో ఇంకా తెలియదు, మర్యాదకి కూర్చుంది. ముందు కెమెరా రొద. తర్వాత కుర్రగొంతు: "మళ పెయ్యున్ను." వెంటనే ఆడగొంతు, తప్పుగా: "మల పెయ్యున్ను." వాన కురుస్తోంది అనబోయి కొండ కురుస్తోంది అంది. కుర్రగొంతు మళ్ళీ. ఆమె మళ్ళీ తప్పే. ఎవరో పగలబడి నవ్వుతారు. డైరెక్టర్ తిడతాడు. ఏడోసారి, ఎనిమిదోసారి. కుర్రగొంతులో విసుగు లేదు, ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్తాడు.

వరండాలో కూర్చున్న ఆమె, అరవై రెండేళ్ళు, ఫోన్ వైపు చూడకుండా పెదాలు కదిలిస్తుంది. ఈసారి కూడా తప్పే. ఆయన అలవాటుగా, తల వంచుకునే, అందిస్తాడు: "మళ."

ఆమె తల తిప్పి చూస్తుంది. అక్కడ కట్.

కోడంబాక్కం_తాత · రాత్రి 12.06

పడుకోబోతూ చూశాను. ఆ నాగ్రా టేపుని సెకనుకి ఏడున్నర అంగుళాల స్పీడులో తిప్పాలని రాసుకో, లేకపోతే గొంతులు మారిపోతాయి. మిగతాది బాగుంది.

పాలమూరు_పిల్ల · రాత్రి 12.09

మామ నిద్రపోయిండు. పొద్దుగాల లేవంగనె వినిపిస్త.